అమ్మ పేరున విడిచిన కోడి

కొడకండ్లలో కనకమ్మ ఉండే వాడకు రెండు దారులుండేవి. ఒకటి ఆమె ఇంటి ముందు నుంచి నేరుగా బస్సు ఆగే చోటికి పోయే దారి. రెండోది చుట్టూ తిరిగి, కుమ్మరి కుండలు కాల్చే వాము వెనక నుంచి, ముళ్లూ పెంటకుప్పలూ దాటుకుంటూ పోయే దారి. డెబ్బయ్యో సంవత్సరం ఎండాకాలం వచ్చేసరికి ఊళ్లో బుద్ధిమంతులంతా రెండో దారి పట్టారు. బస్సు తప్పినా సరే, పిక్కలు మిగిలితే చాలనుకున్నారు. కారణం కనకమ్మ ఇంట్లో ఉన్న ఒక కోడిపుంజు.

ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక, కాలికి చిటికెన వేలంత ముల్లు. మనిషి వాకిట్లో అడుగు పెడితే మెడ ఈకలన్నీ విప్పి, తల కిందికి వంచి, పక్కకు రెండడుగులు వేసేది. కొత్తవాళ్లు అది ఆడుతున్నదనుకుని మురిసేవాళ్లు. మూడో అడుగుకు పిక్క మీద ఉండేది. పోస్టుమాన్ ఉత్తరాలను గోడ మీది నుంచి విసిరేసి పోయేవాడు. జనాభా లెక్కలు రాయడానికి వచ్చిన పంతులు ఇంట్లో ఎంతమందని రోడ్డు మీది నుంచే కేకవేసి అడిగి, లోపలి నుంచి వినిపించింది రాసుకుని వెళ్లిపోయాడు.

ఇంకో ఇంట్లో అయితే ఇంత కథ ఉండదు. ఒక ఆదివారం మసాలా నూరితే అయిపోయేది. కానీ ఇది అమ్మ కోడి. మేడారం సమ్మక్క తల్లి పేరున విడిచిన కోడి. రెండేళ్లకొకసారి వచ్చే జాతరలో తల్లికి ఒప్పజెప్పేదాకా సాకవలసిందే. విడిచిన కోడిని కోయకూడదు, అమ్మకూడదు, కొట్టకూడదు. తిట్టకూడదు కూడా. మొదటి మూడూ ఎవరైనా పాటిస్తారు. పొడిచిన కోడిని తిట్టకుండా ఉండడమే మనుషుల వల్ల కాని పని. పిక్క పట్టుకుని కుంటుతూ, పళ్లు బిగబట్టి, ‘తప్పయింది తల్లీ’ అని కోడికే దండం పెట్టిన పెద్దమనుషులను కొడకండ్ల చూసింది. ఆ దండాలన్నీ తనకేనని కోడి నమ్మింది. దాన్నేమీ అనలేం, మనుషులు కూడా అట్లాగే నమ్ముతారు.

ఆ మొక్కు అరవై తొమ్మిదిలో మొక్కింది. కనకమ్మ ఒక్కగానొక్క కొడుకు రాజలింగం అప్పుడు జనగామలో ఒక ధాన్యం దుకాణంలో కాంటా పెట్టేవాడు. ప్రత్యేక తెలంగాణ కావాలని ఊరూరా కదిలిన ఏడాది అది. బడులు మూతపడ్డాయి, రైళ్లు ఆగిపోయాయి. రాజలింగం కాంటా వదిలేసి ఊరేగింపులో నడిచాడు. పోలీసులు పట్టుకుపోయారని కబురు వచ్చింది. కనకమ్మ ఆ పూటే తలస్నానం చేసి, తన ఇంట్లో పొదిగిన పిల్లల్లో ఒక పుంజు పిల్లను తీసి, దాని కాలికి పసుపు దారం కట్టి, మేడారం దిక్కు తిరిగి మొక్కింది.

“తల్లీ, నా కొడుకు నా ఇంటికి రావాలె. వస్తే నా ఇంట్ల పుట్టి, నా ఇంట్ల పెరిగిన కోడిని నీకు ఇచ్చుకుంట.”

జైలుకు పోయినవాళ్లంతా ఒక్కొక్కరే ఇళ్లకు చేరారు. రాజలింగం చేరలేదు. జైల్లో మిగిలినవాళ్ల పేర్లలో అతని పేరు లేదు, చనిపోయినవాళ్ల పేర్లలోనూ లేదు. డెబ్బయ్‌లో జాతర వచ్చింది. కొడుకు ఇంటికి రాలేదు కాబట్టి కోడిని ఇవ్వడానికి లేదు. తల్లి పేరున విడిచింది కాబట్టి కోయడానికి లేదు. కోడి అట్లా ఇరుక్కున్నది. దానితో పాటు ఇంకొక మనిషి కూడా ఇరుక్కున్నది. ఆమె రాజలింగం భార్య చిలుకమ్మ.

చిలుకమ్మ పెద్దవంగర పిల్ల. పది నెలలు కాపురం చేసింది, అందులోనూ సగం రోజులు మొగుడు జనగామలోనే. పద్దెనిమిదేళ్లకే ఆమెకు భర్త ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. బొట్టు పెట్టుకోవచ్చా కూడదా అని వాడలో ఆడవాళ్లు ఆమె ముందే మాట్లాడుకునేవాళ్లు. ఆమె పెట్టుకునేది. పెట్టుకోకపోతే అత్త ఏడ్చేది.

కోడి మొదట ఆమెనే పట్టుకుంది. వాకిలి ఊడ్వబోతే చీపురు మీదికి, పిడకలు తీయబోతే మోచేతి మీదికి. ఆరు నెలల్లో ఆమె పిక్కల నిండా గాట్లే. కనకమ్మ వాటికి పసుపు అద్దుతూ, “ఓర్చుకో బిడ్డా, అది అమ్మ కోడి” అనేది. చిలుకమ్మకు ఒళ్లు మండిపోయేది. అమ్మ కోడైతే అమ్మ బుద్ధులు ఉండొచ్చు కదా అని లోపల అనుకునేది. పైకి అనడానికి లేదు.

ఒకరోజు పొద్దున పొయ్యి మీద పప్పు పొంగుతుండగా కోడి వెనక నుంచి ఆమె నడుము మీదికి ఎగిరింది. కొట్టడానికి లేదు, తిట్టడానికి లేదు, కోపం మాత్రం ఎక్కడో ఒక చోటికి పోవాలి కదా. చిలుకమ్మ గిరుక్కున తిరిగి, కొంగు దాని మీద వేసి, రెండు రెక్కలూ కలిపి నొక్కి, ఎడమ చంకలో ఇరికించుకుంది. ఇరికించుకున్నాక అసలు చిక్కు తెలిసింది. వదిలితే మళ్లీ మీద పడుతుంది. అందుకని వదల్లేదు. దాన్ని చంకలో పెట్టుకునే పప్పు దించింది, అంట్లు తోమింది, ఒక్క చేత్తో పిండి పిసికింది. కోడి గింజుకుంది, కాళ్లతో తన్నింది, గొంతు చించుకుంది. చిలుకమ్మ పట్టు బిగించనూ లేదు, సడలించనూ లేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి కోడి మెడ ఆమె ముంజేతి మీద వాలింది. కళ్ల మీదికి తెల్లటి పొర జారింది. అప్పుడు నేల మీద దింపింది. కోడి ఒళ్లు దులుపుకుని, పోట్లాట సంగతి ఎత్తకుండా, నీళ్లు తాగడానికి పోయింది.

తర్వాత తొమ్మిది రోజులు అదే పని. చిలుకమ్మ కోళ్ల చదువు అక్కడ మొదలైంది. కోడి మీదికి వస్తే వెనక్కి అడుగు వేయకూడదు, గెలిచాననుకుంటుంది. ఎదురు తన్నకూడదు, పోట్లాటకు పిలిచారనుకుంటుంది. పక్కకు తిరిగి, పాదం కదపకుండా, వేరే పని చూసుకుంటున్నట్టు నిలబడాలి. గింజలు చేత్తో తినిపించకూడదు, రేపు ఆ చేతినే పొడుస్తుంది. పెట్టలు తిన్నాకే పుంజుకు చల్లాలి. కాలి ముల్లును కోస్తే నెత్తురు వస్తుంది, రోజూ కొంచెం గరుకు రాయి మీద అరగదీస్తే మొన పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం చంకలో పట్టే పట్టు. గింజుకుంటుండగా ఒక్కసారి వదిలామా, గింజుకుంటే వదిలేస్తారని దానికి తెలిసిపోతుంది. గింజుకోవడం మానేసిన తర్వాతే వదలాలి.

డెబ్బయ్ రెండు జాతర కూడా అయిపోయాక చిలుకమ్మ అన్న ఓదెలు పెద్దవంగర నుంచి వచ్చాడు. వాళ్ల కులంలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయినా, వదిలేసినా, పెద్దల ముందు అత్తగారు సరేనంటే ఆడపిల్ల ఇంకో ఇల్లు చూసుకోవచ్చు. ఓదెలు పెద్దలను పిలిచి కనకమ్మ వాకిట్లోనే కూర్చోబెట్టాడు.

“మూడేండ్లాయె. నా చెల్లె ఇంకెన్నాళ్లు ఎదురుచూస్తది? నేను తీస్కపోత,” అన్నాడు.

కనకమ్మ అరవలేదు, ఏడవలేదు. “తీస్కపో నాయినా. నేనెందుకు అడ్డమొస్త? కాని కోడిని ఎవలు పడ్తరో జర చెప్పిపో,” అన్నది.

అందరూ కోడి వైపు చూశారు. అది చిలుకమ్మ ఒళ్లో కళ్లు మూసుకుని కూర్చుని ఉంది.

“అమ్మకు విడిచిన కోడి. దానికి ఏమన్నయితే నా ఒక్కదాని మీదనే పడ్తదా? వాడ మీద పడ్తది, ఊరి మీద పడ్తది. దాన్ని పట్టేటోళ్లు ఇంకెవలన్న ఉంటే చెప్పున్రి. కోడల్ని ఇప్పుడే పంపిస్త,” అన్నది కనకమ్మ.

కులపెద్దకు ఇదేం గొప్ప పని అనిపించింది. చెయ్యి చాపాడు. చిలుకమ్మ కోడిని అందించింది. ఆ తర్వాత జరిగింది వివరంగా చెప్పుకుంటే పెద్దమనిషి మర్యాద దక్కదు. తలపాగా ఒక చోట పడింది, ఆయన ఒక చోట పడ్డాడు. చివరికి ముంజేతికి గుడ్డ చుట్టుకుంటూ, “మొక్కు ఇంట్ల ఉండంగ కోడల్ని పంపుడు మంచిది కాదు, ఓదెలూ. మొక్కు తీరనియ్యి,” అని తీర్పు చెప్పాడు.

ఆ రోజు చిలుకమ్మకు తన మీద తనకే కోపం వచ్చింది. ఎవరు నేర్చుకోమన్నారు తనను? పిక్కలు చీరితే చీరనీ అని ఊరుకుని ఉంటే, తనకూ మిగతావాళ్లలాగే చేతకాదనుకుని అన్న వెంట పంపేసేవాళ్లు. ఒక పని బాగా వచ్చినందుకు మనిషికి ఇంత శిక్ష పడుతుందని ఆమెకు తెలియదు. ఓదెలును బస్సు దాకా సాగనంపి, తిరిగి వచ్చి, కోడిని గంప కింద మూసింది.

కనకమ్మ చెడ్డ మనిషైనా బాగుండేది, చిలుకమ్మ ఆమెను ద్వేషించి పారేసేది. కానీ కనకమ్మ కోడలి తలకు నూనె రాసి జడ వేసేది. జ్వరం వస్తే రాత్రింబవళ్లు మంచం పట్టుకుని కూర్చునేది. పండుగకు తాను పాత చీర కట్టుకుని కోడలికి కొత్తది కొనేది. “నా కడుపుల పుట్టకపోయినా నువ్వే నా బిడ్డవు” అనేది, ఆ మాట నిజం కూడా. ఆ ప్రేమలో నుంచి బయటికి ఎట్లా రావాలో చిలుకమ్మకు తెలియలేదు.

ఈలోపు ఆమె పేరు పాకింది. మామూలు కోడి తిక్క చేస్తే కోసుకుతింటారు కాబట్టి వాటితో ఎవరికీ బాధ లేదు. మొక్కు కోళ్లతోనే బాధ. వాటిని ఎవరూ ఏమీ అనరు కాబట్టి అవి మనుషుల నెత్తికెక్కి కూర్చుంటాయి. తండాల నుంచి, పెద్దవంగర నుంచి, అవతల పాలకుర్తి నుంచి జనం గోనెసంచుల్లో కోళ్లను పట్టుకొచ్చేవాళ్లు. చిలుకమ్మ తొమ్మిది రోజులు పెట్టుకుని, మెత్తబరిచి పంపేది. పోతూపోతూ వాళ్లు కాసిన్ని జొన్నలో, మిరపకాయలో, ఒక రవిక గుడ్డో పెట్టి పోయేవాళ్లు. కోళ్ల చిలుకమ్మ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. అందరి కోళ్లూ తొమ్మిదో రోజున ఇళ్లకు పోయేవి.

డెబ్బయ్ ఐదులో సోమేశ్వర్ వచ్చాడు. పెద్దవంగరలో కుట్టు మిషన్ పెట్టుకున్న దర్జీ. భార్య పోయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. సంచిలో నుంచి తల బయటపెట్టిన కోడిని చూపించి కష్టం చెప్పుకున్నాడు.

“మా అవ్వ విడిచిన కోడి. నేను మిషన్ తొక్కుతుంటే కాలు ఊగుతది గదా, దాని మీదికి వస్తున్ననుకుంటది. పొద్దుందాక నా కాలుతోటి కొట్లాటే. కుట్టుడు బంద్ అయింది.”

చిలుకమ్మకు నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్విందేమో, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. “కాలు ఆపరాదు మరి?” అన్నది.

“ఆపితే తినుడెట్ల?”

అక్కడ మిషన్ లేదు కాబట్టి ఆ కోడికి అక్కడ మందు లేదు. పట్టు అతనికే నేర్పాలి. చంకలో కోడిని పెట్టుకునే మిషన్ తొక్కాలి, ఊగే కాలును అది రోజంతా చూసి చూసి విసుగెత్తాలి. చిలుకమ్మ అతని మోచెయ్యి పట్టుకుని, ఎక్కడ ఆనించాలో, వేళ్ల సందున కాళ్లెట్లా ఇరికించాలో చూపించింది. కోడి గిలగిల్లాడింది.

“గింజుకుంటుంటే పాపమనిపిస్తది గదా. నీకు అనిపియ్యదా?” అన్నాడు సోమేశ్వర్.

ఆరేళ్లుగా ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు. “అనిపిస్తది. అయినా వదలొద్దు,” అన్నది.

నెల తిరగకుండా ఓదెలు కబురు తెచ్చాడు. సోమేశ్వర్ కోడి దారికొచ్చిందట, మిషన్ నడుస్తున్నదట. చిలుకమ్మను చేసుకుంటానని, ఎన్నాళ్లైనా చూస్తానని చెప్పమన్నాడట. ఆ సాయంత్రం చిలుకమ్మ అమ్మ కోడిని ఒళ్లో పెట్టుకుని ముల్లు అరగదీస్తూ దాని మొహం చూసింది. కళ్లు మూసుకుని, మెడ వేలాడేసి, ఎటు తిప్పితే అటు తిరుగుతున్నది. అది సుఖపడుతున్నదని ఇన్నాళ్లూ అనుకుంది. ఇక లాభం లేదని ఊరుకున్నదేమో అని మొదటిసారి తోచింది. తోచగానే చెయ్యి ఆగిపోయింది. వాడలో అందరూ తనను చూసి, ‘ఎంత అణకువగల పిల్ల, ఒక్కనాడు కూడా పుట్టింటికి పోత అనదు’ అని మెచ్చుకోవడం గుర్తుకొచ్చి ఏడ్చింది.

డెబ్బయ్ ఆరు జాతర కూడా కోడిని వదిలేసి పోయింది. డెబ్బయ్ ఏడులో వానలు వెనక్కి తగ్గాక తండా నుంచి రుక్కి అనే లంబాడామె వచ్చింది. రుక్కి జనగామకు మిరపకాయలు తెచ్చిన రోజుల్లో వాటిని తూచింది రాజలింగమే, అందుకని ఆమెకు అతని మొహం తెలుసు. రుక్కి వాకిలి బయటే ఆగి, పేట లంగాకు కుట్టిన అద్దాల మీద గోనెపట్టా చుట్టుకుని లోపలికి వచ్చింది. అద్దంలో తనను తాను చూసుకుంటే ఎంత మెత్తబడిన పుంజైనా ఎదుట ఇంకో పుంజు ఉందనుకుని ఎగురుతుంది.

“చిలుకక్కా, నీ పెనిమిటిని చూసిన,” అన్నది కూర్చోకుండానే. “మానుకోట స్టేషన్ బయట సోడ బండి పెట్టుకున్నడు. పెండ్లాం ఉన్నది, ఇద్దరు ఆడపిల్లలు. నువ్వు కొడకండ్ల రాజలింగం గదా అన్న. కాదన్నడు. కాని నేను పైసలిస్తే తీస్కోలే.”

చిలుకమ్మకు కోపం వస్తుందనుకుంది రుక్కి. రాజలింగం మొహం గుర్తు తెచ్చుకోవడానికే చిలుకమ్మకు కొంత సేపు పట్టింది. మొగుడు ఇంకొకతెను చేసుకున్నందుకు కాదు, తను ఎనిమిదేళ్లు కూర్చున్నందుకు ఆమెకు గుండె మండింది. రైలెక్కితే పూటలో చేరే ఊళ్లో ఉన్నాడు. ఒక్క కార్డు ముక్క రాస్తే సరిపోయేది.

కనకమ్మ అంతా విని ఒకే మాట అడిగింది. “బక్కగయిండా?”

రెండు రోజులు కనకమ్మ అన్నం సరిగా తినలేదు. మూడో రోజున తనే కులపెద్ద దగ్గరికి పోయి అడిగి వచ్చింది. కొడుకు ప్రాణంతో ఉన్నాడని తెలియడమే సమ్మక్క తల్లి ఇచ్చిన జవాబని, మొక్కు తీర్చవచ్చని ఆయన అన్నాడు. కనకమ్మ వచ్చి కోడలి పక్కన కూర్చున్నది.

“ఈ జాతరకు కోడిని ఒప్పజెప్పుదాం బిడ్డా. మొక్కు తీరినంక నువ్వు పెద్దవంగర పో. ఆ దర్జీ మంచోడే అంటున్నరు.”

జాతరకు మూడున్నర నెలలుంది. కోడికి ఎనిమిదేళ్లు దాటాయి. ఒక కన్ను మసకేసింది, గంప మీదికి కూడా ఎగరలేదు. ఎనిమిదేళ్లు తనను కట్టేసిన కోడిని చిలుకమ్మ ఇప్పుడు కంటికి రెప్పలా కాపాడవలసి వచ్చింది. అది బతికి మేడారం చేరితేనే ఆమె పెద్దవంగర చేరుతుంది. జొన్నలు నానబెట్టి పెట్టింది, వెల్లుల్లి నలిపి మజ్జిగలో పట్టించింది, చలికి గంప మీద గోనెలు కప్పింది. ఆ చలికాలం ఊళ్లో కొక్కెర రోగం వచ్చి కోళ్లన్నీ పోయాయి. కనకమ్మ ఇంట్లోనూ పెద్ద కోళ్లన్నీ పోగా సంతలో కొన్న ఒక పెట్ట, దాని వెనక ఆరు పిల్లలు, అమ్మ కోడి మిగిలాయి. చిలుకమ్మ బయటి కోళ్లను వాకిలి తొక్కనివ్వలేదు.

జాతర ఇంకా పద్దెనిమిది రోజులుందనగా రుక్కి మళ్లీ వచ్చింది. మనుమడి జ్వరం తగ్గితే ఇస్తానని విడిచిన పుంజును తెచ్చింది, ఏడాది వయసుది. అది రుక్కి కోడలి పేట అద్దాల మీద ఎగిరి ఎగిరి ఆమె మడమ చీల్చింది. “జాతర దాకనే అక్కా. జర మెత్తగ చెయ్యి,” అని బతిమాలింది. వేరెవరైనా అయితే కాదనేది. రుక్కికి కాదనడానికి చిలుకమ్మకు నోరు రాలేదు. రాజలింగం కబురు రుక్కి తేకపోతే ఈ దారి కూడా లేదు. పడుచు పుంజును వాకిట్లో ఆ చివర గంప కింద పెట్టి, మీద సన్నికల్లు బరువు పెట్టింది. రెండు పుంజులూ ఒకదానికొకటి కనపడకుండా మధ్యలో గోనెపట్టా కట్టింది.

ఆరో రోజు పొద్దున చిలుకమ్మ బోరింగు దగ్గర బిందె నింపుకుని వస్తుంటే రెక్కల చప్పుడు వినిపించింది. బిందె అక్కడే వదిలి పరుగెత్తింది.

పడుచు పుంజు గోనెపట్టా దాటొచ్చి, పొద్దున్నే తను బయట వదిలిన అమ్మ కోడి మీద ఎగిరి పడుతున్నది. అమ్మ కోడి పారిపోలేదు, ఎదురు తిరగలేదు. తల వంచుకుని కింద కూర్చుని ఉంది. ఎవరైనా మీదికి వస్తే అట్లా కూర్చోవాలని చిలుకమ్మ దానికి ఎనిమిదేళ్లు నేర్పింది. అది నేర్చుకున్నట్టే చేసింది. ఆమె చేరేసరికి దాని తల నెత్తురు ముద్దయి ఉంది. కాళ్లు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయాయి.

చిలుకమ్మ చేతులు అలవాటు కొద్దీ పడుచు పుంజును పట్టి చంకలో ఇరికించాయి. అప్పుడు తలెత్తి చూసింది. కనకమ్మ గంప చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. సన్నికల్లు పక్కన దొర్లి ఉంది.

“నీళ్లు పెడ్దామని ఎత్తిన. మన కోడి అనుకున్న. నాకు కండ్లు కనవడయి గదా,” అన్నది కనకమ్మ.

బియ్యంలో మట్టిగడ్డ దాగనివ్వని కళ్లు అవి. చిలుకమ్మ అత్త మొహంలోకి సూటిగా చూసింది. “తెలిసే ఎత్తినవా అత్తా?”

కనకమ్మ గంప కింద పెట్టి, తనూ కింద కూలబడింది.

“ఏమో బిడ్డా. నాకే తెల్వది. నువ్వు పోతే నేనెట్ల ఉండాలె అని తెల్లందాక అనుకున్న. పొద్దుగాల లేచి గంప ఎత్తిన. ఏ గంప ఎత్తుతున్ననో చూడలే.”

అత్త అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని చిలుకమ్మకు అనిపించింది. ఇద్దరూ కలిసి కోడికి పసుపూ కుంకుమా పెట్టి, చేను గట్టున పాతిపెట్టి వచ్చారు. సంగతి తెలిసి రుక్కి మొత్తుకుంటూ వచ్చింది, తన పుంజునే ఇద్దరి పేరునా ఇద్దామన్నది. కనకమ్మ తల అడ్డంగా ఊపింది. ఒకరి మొక్కు ఇంకొకరికి చెల్లదు. తన ఇంట్లో పుట్టి, తన ఇంట్లో పెరిగిన కోడే తల్లికి ఇవ్వాలి, మొక్కిన మాట అది.

మర్నాడు పొద్దున ఓదెలు వచ్చాడు, జాతరకు బండి మాట్లాడదామని. వాకిట్లోకి వచ్చి సంగతి విని తల పట్టుకున్నాడు. అప్పటికే కనకమ్మ తలస్నానం చేసి, తడి వెంట్రుకలతో పెట్ట దగ్గర కూర్చుని, ఆరు పిల్లల్లో ఒకదాన్ని పట్టి దాని కాలికి పసుపు దారం కడుతున్నది. నెల రోజుల పిల్ల. పుంజో పెట్టో కూడా ఇంకా తేలలేదు.

“పుంజు పిల్లే,” అన్నది కనకమ్మ ఎవరూ అడగకుండానే. “పై జాతరకు మంచిగ పెరుగుతది. రెండేండ్లే గదా బిడ్డా. రెండేండ్లు ఎంతల పోతయి?”

ఓదెలు చెల్లెలి వైపు చూశాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. చిలుకమ్మ లోపలికి పోయింది. రెండు చీరలు, దువ్వెన ఒక గుడ్డలో మూటగట్టుకుని బయటికి వచ్చింది. అత్త ముందు కూర్చుని, కోడిపిల్లను ఆమె ఒళ్లో నుంచి తీసుకుంది. పిల్ల కీచుమంటూ గింజుకుంది. దాన్ని కనకమ్మ అరచేతిలో పెట్టి, ఆ ముసలి వేళ్లను ఒక్కొక్కటే దాని చుట్టూ మూసింది.

“గట్టిగ పట్టకు, ఊపిరాడదు. వదులుగ పట్టకు, జారిపోతది.”

“నాకెట్ల అయితది బిడ్డా? నువ్వు పట్టాలె గాని.”

“ఇది నీ మొక్కు అత్తా. నువ్వే పట్టుకో.”

కనకమ్మ పిల్లను వదల్లేదు. వదిలితే తల్లి పేరున విడిచిన పిల్ల జారిపోతుంది. అందుకని కోడలి చెయ్యి పట్టుకోవడానికి ఆమెకు ఒక్క చెయ్యి కూడా ఖాళీ లేకపోయింది. అది చూసి చిలుకమ్మ వంగి అత్త కాళ్లకు మొక్కింది. మూట చంకన పెట్టుకుని, అన్న వెనక వాకిలి దాటి, రోడ్డు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

“పోతున్న అత్తా,” అన్నది.

ఆ వైపు ఊళ్లలో పక్కింటికి ఉప్పుకు పోయినా ఎవరూ అట్లా అనరు. పోయినవాళ్లు రాకుండా పోతారని భయం. కనకమ్మ, మాట దిద్దే అలవాటు కొద్దీ, చేతుల్లో కోడిపిల్లతో కూర్చున్న చోటి నుంచే అన్నది.

“పోత అనొద్దు బిడ్డా. పోయొస్త అనాలె.”

చిలుకమ్మ పెదవులు కదిలాయి. ఎన్నోసార్లు అన్న మాటే, నోట్లో సిద్ధంగానే ఉంది. ఓదెలు బస్సు వస్తున్నదని పిలిచాడు.

“అను బిడ్డా,” అన్నది కనకమ్మ మళ్లీ.

చిలుకమ్మ అనలేదు.